డిస్‌ప్లే రావట్లేదు: అనంతపురం ఎర్రనేల మీద అసెంబుల్డ్ కంప్యూటర్ చరిత్ర

"ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, డిస్‌ప్లే మాత్రం రావట్లేదు."

సొంతంగా కంప్యూటర్ బిగించుకున్న ప్రతివాడూ జీవితంలో ఒక్కసారైనా అనే మాట ఇది. ఇంటర్నెట్‌లో వెతికితే దీనికి వేల జవాబులు దొరుకుతాయి. అన్నీ ఇంచుమించు ఒకే వరసలో ఉంటాయి. కేబుల్ చూడు, ర్యామ్ తీసి పెట్టు, గ్రాఫిక్స్ కార్డు మార్చు, చివరికి మదర్‌బోర్డు మార్చు. ఆ వరస తప్పని నేననను. కానీ ఆ జవాబులు రాసినవాళ్ళు ఒక విషయం అడక్కుండానే ఒప్పేసుకున్నారు: గోడకున్న ప్లగ్గులో సరైన వోల్టేజీ, సరైన ఎర్త్ ఉన్నాయని. అనంతపురం జిల్లాలో ఆ నమ్మకంతో మొదలుపెడితే మంచి మదర్‌బోర్డులు చెత్తబుట్టలోకి పోతాయి. పోయాయి కూడా.

అందుకే ఈ చిన్న సమస్యకున్న చరిత్రని కాస్త మొదట్నుంచీ చెప్పుకుందాం. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇందులో పనికొచ్చే సంగతులున్నాయి.

ముందుగా ఓ మాట. మనవాళ్ళు డబ్బా మొత్తాన్నీ "సీపీయూ" అంటారు. గందరగోళం లేకుండా ఉండడానికి ఇక్కడ డబ్బాని కేబినెట్ అని, లోపలి చిప్పుని ప్రాసెసర్ అని అంటాను.

ఇంట్లో బిగించుకునే కంప్యూటర్లు మొదలైనప్పుడు వాటికి అసలు డిస్‌ప్లేనే లేదు. 1975 జనవరిలో పాప్యులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖచిత్రంగా వేసిన ఆల్టెయిర్ 8800ని విడిభాగాల కిట్‌గా అమ్మేవారు. కొన్నవాళ్ళే టంకం పెట్టి బిగించుకోవాలి. ముందువైపు స్విచ్చులు, చిన్న దీపాలు, అంతే. 1976లో వచ్చిన యాపిల్-1 అయితే ఉత్త బోర్డు. కీబోర్డు, డబ్బా, తెర అన్నీ మనమే తెచ్చుకోవాలి. ఇంకాస్త ముందుకెళ్తే, మన హైదరాబాదు ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 తయారు చేసింది. మినీ కంప్యూటర్ల కాలం అది. లోపల ఏం జరుగుతోందో ఇంజనీర్లు చాలావరకు ప్యానెల్ మీది దీపాల్ని చూసి పోల్చుకునేవారు. అంటే "డిస్‌ప్లే రావట్లేదు" అన్న ఫిర్యాదు పుట్టాలంటే ముందు డిస్‌ప్లే వస్తుందన్న ఆశ పుట్టాలి :)

ఆ ఆశ పుట్టించింది 1981 ఆగస్టు 12న విడుదలైన ఐబీఎం పీసీ, మోడల్ 5150. స్విచ్ వెయ్యగానే అది తనని తాను పరీక్షించుకునేది. దాన్నే పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్, పొట్టిగా పోస్ట్ అన్నారు. ఆ పరీక్షల వరస చూడండి. మొదట ప్రాసెసర్, తర్వాత రామ్‌కి ముందే రోమ్‌లో ఉన్న కోడు సరిగ్గా ఉందా అన్న చెక్‌సమ్, తర్వాత టైమర్, డీఎంఏ, మొదటి 16 కిలోబైట్ల మెమరీ. ఇవన్నీ నెగ్గాకే వీడియో వంతు. తెరమీద ఒక్క అక్షరం పడాలంటే దానికి ముందు ఇంతమంది బతికుండాలన్నమాట. మరి వీళ్ళలో ఎవరైనా పోతే ఆ సంగతి యంత్రం ఎలా చెప్పాలి? తెర ఇంకా లేదు కదా! అందుకే స్పీకర్. అంతా బావుంటే ఒక చిన్న బీప్. వీడియో కార్డు దెబ్బతింటే ఒక పొడుగు, రెండు పొట్టి.

ఎర్రర్ మెసేజ్ చూపించే సబ్‌సిస్టమే పోయినప్పుడు ఎర్రర్ ఎలా చూపాలి? లాగింగ్ సర్వర్ పడిపోతే ఆ సంగతి ఎక్కడ లాగ్ చేస్తాం? మనం ఇప్పటికీ తలపట్టుకునే ఈ ప్రశ్నకి 1981లో ఇచ్చిన జవాబు ఆ బీప్. 1984లో ఐబీఎం పీసీ-ఏటీ వచ్చాక ఇంకో మెట్టెక్కారు. ప్రతి పరీక్షకీ ముందు ఒక నంబరుని 80 హెక్స్ పోర్టుకి పంపేవారు. ఆ పోర్టుని చదివే చిన్న కార్డు గుచ్చితే, యంత్రం ఏ నంబరు దగ్గర ఆగిపోయిందో అంకెల్లో కనిపిస్తుంది. రిపేరు షాపుల్లో "డీబగ్ కార్డు" అని పిలిచేది దాన్నే. మనం కోడులో అక్కడక్కడా ప్రింట్ స్టేట్‌మెంట్లు పెట్టుకోవడం లాంటిదే ఇదీనూ.

తర్వాత కథ చాలామందికి తెలిసిందే. 1982లో కాంపాక్ ఐబీఎం బయోస్‌ని కాపీ కొట్టకుండా, అదే పని చేసేలా తిరిగి రాసుకుంది. 1984లో ఫీనిక్స్ అలాంటి బయోస్‌నే ఎవరికైనా అమ్మడం మొదలెట్టింది. 1985లో సుబ్రమోనియన్ శంకర్ అనే భారతీయుడు, మరొకరితో కలిసి అమెరికాలో అమెరికన్ మెగాట్రెండ్స్ పెట్టాడు. నల్లతెర మీద ఏళ్ళతరబడి మనం చూసిన "ఏఎంఐ బయోస్" వాళ్ళదే. చిక్కేమిటంటే బీప్‌లకి తలా ఒక భాష. ఏఎంఐలో మూడు బీప్‌లంటే మెమరీ, ఎనిమిదంటే వీడియో మెమరీ. అవార్డ్‌లో ఒక పొడుగు రెండు పొట్టి అంటే వీడియో. ఫీనిక్స్ వాళ్ళది ఆగి ఆగి మోగే నాలుగు గుంపుల లెక్క. మదర్‌బోర్డుతో పాటు వచ్చే పుస్తకం పోతే ఇంక అంతే సంగతులు.

ఇప్పుడు మన గడ్డకొద్దాం.

అనంతపురంలో ఇంజనీరింగ్ చదువు పాతదే. 1946లో మొదలైన ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ 1972లో జేఎన్‌టీయూలో కలిసింది, 2008లో విడి విశ్వవిద్యాలయం అయ్యింది. కానీ ఇంట్లో కంప్యూటర్ అన్నది వేరే కథ. 1984 నవంబర్ కంప్యూటర్ విధానం, 1991 సంస్కరణలు దారి తెరిచాయి. 1997లో ప్రపంచ ఐటీ ఒప్పందంలో చేరిన భారత్, 2005కల్లా చాలా విడిభాగాల మీద దిగుమతి సుంకాన్ని సున్నాకి తెచ్చింది. మదర్‌బోర్డులు, ర్యాములు చవకయ్యాయి. అనంతపురం వాళ్ళకి పెద్ద మార్కెట్లు రెండు. ఒకటి 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో బెంగళూరు ఎస్పీ రోడ్డు, రెండోది ఇంకా దూరంగా సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ. రాత్రి బస్సులో వెళ్ళి, ఒళ్ళో మదర్‌బోర్డు డబ్బా పెట్టుకుని తిరిగొచ్చిన అన్నలు మీ బంధువుల్లోనూ ఉండే ఉంటారు. నేను ఇంజనీరింగ్‌లో చేరేసరికి లాప్‌టాప్‌ల కాలం వచ్చేసింది. ఈ కథలు నాకు ఎక్కువగా అలాంటి అన్నల దగ్గర విన్నవే.

2000 దశకం మొదట్లో ఒక అసెంబుల్డ్ కంప్యూటర్ అంటే పాతిక ముప్పై వేలు. జిల్లా సగటు వానపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ. నైరుతి మేఘాల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య వానలు ఇంతదూరం వచ్చేసరికి చిక్కిపోతాయి. లక్షల ఎకరాల్లో చెనిక్కాయ, అదీ వాన మీద ఆధారం. అలాంటి ఇంట్లో ముప్పై వేలంటే ఒక పంట డబ్బు, లేదా ఒక అప్పు. ఆ డబ్బా "నో సిగ్నల్" అంటే అది హాబీ సమస్య కాదు. "మదర్‌బోర్డు పోయింది, ఐదువేలవుతుంది" అన్న ఒక్క మాట మీద కొడుకు ప్రాజెక్టు, తండ్రి మాట, ఇంటి పరువు వేలాడేవి.

అసలు విషయం ఇక్కడుంది. మదర్‌బోర్డు నిజంగా పోయిందా?

మొదటి అనుమానం కరెంటు మీద పడాలి. ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి పవర్ బాగానే ఉందనుకోవడం చాలామంది పొరపాటు. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతిలో ఎస్‌ఎంపీఎస్ ఆన్ అవగానే 12 వోల్టుల తీగ మీద ఫ్యాన్లు తిరుగుతాయి. కానీ ప్రాసెసర్ అప్పుడే పని మొదలెట్టదు. వోల్టేజీలన్నీ నిలకడగా వచ్చాయని ఎస్‌ఎంపీఎస్ "పవర్ గుడ్" అనే సంకేతం పంపాలి. మామూలుగా దానికి పదో వంతు సెకను నుంచి అర సెకను పడుతుంది. అది రాకపోతే ప్రాసెసర్ రీసెట్‌లోనే ఉండిపోతుంది. ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా నడవదు. బీప్ కూడా రాదు, ఎందుకంటే బీప్ కొట్టేదీ ఆ కోడే కదా. ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, డిస్‌ప్లే రాదు!

230 వోల్టుల వైపు ఎస్‌ఎంపీఎస్ తట్టుకోవలసిన పరిధి సుమారు 180 నుంచి 265. అప్పట్లో వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు రోజులో కొన్ని గంటలే, వంతులవారీగా వచ్చేది. కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది బోరు మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. నీళ్ళు లోతుకి పోయేకొద్దీ మోటార్లు పెద్దవవుతాయి. అదే లైను చివర ఉన్న ఇంట్లో బల్బు ఎర్రగా దీపంలా మారుతుంది. ఆ సమయంలో చవక ఎస్‌ఎంపీఎస్ పవర్ గుడ్ ఇవ్వలేదంటే దాని తప్పేముంది? అదే కంప్యూటర్‌ని పట్నంలో షాపుకి తీసుకెళ్తే చక్కగా డిస్‌ప్లే వస్తుంది. ఇంటికి తెస్తే రాదు. "నా మెషీన్‌లో పనిచేస్తోంది" అన్న మన సాఫ్ట్‌వేర్ జోకుకి ఇది పల్లెటూరి అన్నయ్య!

ఇంకో సంగతి. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా మొదట సంతకం చేసింది రైతులకి ఉచిత కరెంటు ఫైలు మీద. ఆ పథకంతో పాటు రైతులు మోటార్లకి కెపాసిటర్లు బిగించుకోవాలన్న షరతూ వచ్చింది. కెపాసిటర్ ఉంటే మోటారు లైను మీద వేసే వృథా భారం తగ్గి, వోల్టేజీ కొంత నిలబడుతుంది. అంటే పొలంలో ఒక కెపాసిటర్ లేకపోవడం ఊళ్ళో ఒక కంప్యూటర్ లేవకపోవడానికి కారణం కావచ్చు. ఏ ట్రబుల్‌షూటింగ్ గైడులో రాస్తారు ఈ మాట?

రెండోది ఎర్త్. నా దృష్టిలో ఇది అన్నిటికన్నా పెద్దది.

కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందని ఎంతమంది అనగా వినలేదు? ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి డబ్బాకి ఒక చిన్న కెపాసిటర్, న్యూట్రల్ నుంచి డబ్బాకి ఇంకొకటి ఉంటాయి. కరెంటు లైనులోని గోలని ఎర్త్‌లోకి పంపడం వాటి పని. ఎర్త్ లేకపోతే ఈ రెండింటి మధ్యలో డబ్బా వేలాడుతుంది, దాని మీద సగం వోల్టేజీ, అంటే దాదాపు 115 వోల్టులు నిలుస్తాయి. ప్రవహించే కరెంటు చాలా తక్కువ కాబట్టి మనకి జివ్వుమంటుంది, అంతే. కానీ అదే డబ్బాకి మానిటర్ కేబులో, కేబుల్ టీవీ వైరు తగిలించిన టీవీ ట్యూనరో, టెలిఫోన్ లైనున్న మోడెమో స్విచ్ ఆన్‌లో ఉండగా గుచ్చితే, ఆ వోల్టేజీ సిగ్నల్ పిన్నుల గుండా దారి వెతుక్కోవచ్చు. కొద్ది వోల్టులకి మించి తట్టుకోలేని చిప్పులవి. మే నెలలో ఉరుములతో పడే వానలకి మోడెమ్, దానితో పాటు బోర్డు పోయిన కథలు అందుకే అన్ని.

మరి మూడు పిన్నుల సాకెట్ ఉంది కదా అంటారా? మూడో కంతకి వెనక వైరు లేని ఇళ్ళు ఎన్నో. వైరు ఉన్నా, అది చేరే గుంత సంగతేమిటి? ఎర్త్ పనిచెయ్యాలంటే మట్టిలో తేమ ఉండాలి. అందుకే పాత పద్ధతిలో గుంతలో బొగ్గు, ఉప్పు వేసి, పైన గరాటు పెట్టి నీళ్ళు పోస్తుండమంటారు. అనంతపురానిది పలచటి ఎర్రనేల, కింద రాయి. నాలుగు నెలలు వాన చుక్క లేకపోతే మట్టి నిరోధం పెరిగిపోతుంది. తాగే నీళ్ళకే బిందెలు వరసలో పెట్టే వేసవిలో ఎర్త్ గుంతకి ఎవరు నీళ్ళు పోస్తారు? కరువుకీ కంప్యూటర్‌కీ సంబంధం ఏమిటని ఎవరైనా అడిగితే నా జవాబు ఈ గుంత.

మూడోది ఎండ. 1999 నుంచి 2007 దాకా తయారైన మదర్‌బోర్డుల్లో చాలావాటికి నాసిరకం ద్రవంతో నిండిన కెపాసిటర్లు పడ్డాయి. పైన మూత ఉబ్బి, గోధుమరంగు జిగురు కారేది. ఇది ప్రపంచమంతా జరిగింది. డెల్ ఒక్కటే 2005లో ఇలాంటి కంప్యూటర్ల కోసం 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. అయితే ఇలాంటి కెపాసిటర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికీ సగమవుతుందని ఇంజనీరింగ్‌లో ఒక లెక్క. గది 25 డిగ్రీలున్న దేశంలోనూ, 40 దాటే మన మిద్దె గదిలోనూ అదే బోర్డు ఒకే వయసు బతకదు. దానికి తోడు గాలికి లేచే ఎర్రదుమ్ము ప్రాసెసర్ హీట్‌సింక్‌లో దుప్పటిలా పేరుకుంటుంది. ఉబ్బిన కెపాసిటర్ని కళ్ళతో చూసి కనిపెట్టి, కొన్ని రూపాయల ముక్కతో మార్చి బోర్డుని బతికించిన మెకానిక్కులు ఎందరో. వాళ్ళకి పాఠం చెప్పింది ఏ కంపెనీ కాదు. చాలామందికి అంతకుముందు అన్నం పెట్టింది రేడియో, టీవీ రిపేరు.

నాలుగోది పొడిగాలి. ఎండాకాలం నైలాన్ నవారు మంచం మీంచి లేచి వచ్చి ర్యామ్ ముట్టుకుంటే చాలు. మన వేలికి చిటుక్కుమని తెలియాలంటే దాదాపు 3000 వోల్టుల స్థిర విద్యుత్తు కావాలి, చిప్పు పాడవడానికి కొన్ని వందలు చాలు. అంటే మనకి తెలియకుండానే చంపెయ్యొచ్చు. తేమ ఎక్కువుండే కోస్తాలో ఈ బాధ తక్కువ, అక్కడ తుప్పు బాధ ఎక్కువ. ఒక్క రాష్ట్రంలోనే రెండు రోగాలన్నమాట.

ఇక మన జాతీయ వైద్యం, ర్యామ్‌ని రబ్బరుతో రుద్దడం. దీన్ని చూసి నవ్వేవాళ్ళున్నారు. కానీ ఇందులో నిజముంది. ర్యామ్ అంచున ఉన్న బంగారు పూత కాళ్ళ మీద దుమ్ము, చమురు పొర పేరుకుంటే కాంటాక్ట్ తెగుతుంది. తీసి మళ్ళీ గట్టిగా గుచ్చడమే సగం వైద్యం, ఆ రాపిడికే పొర చెదిరిపోతుంది. రబ్బరు మిగతాది చేస్తుంది. అయితే ఆ బంగారు పూత చాలా పలచన, రుద్దినకొద్దీ అరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డ మేలు. ఎడారి గాలిలో రబ్బరు రుద్దితే స్థిర విద్యుత్తు కూడా పుడుతుందని మర్చిపోకండి.

ఇలా ఊళ్ళో పుట్టిన విద్యలో నాకు బాగా నచ్చింది ర్యామ్ పూర్తిగా పీకేసి ఆన్ చెయ్యడం. చూసేవాళ్ళకి పిచ్చిలా ఉంటుంది. కానీ ర్యామ్ లేకుండా ఆన్ చేస్తే బీప్‌లు అరిచిందనుకోండి, ప్రాసెసర్ బతికుంది, బయోస్ బతికుంది, పవర్ గుడ్ వచ్చింది, బోర్డు చాలావరకు బతికుంది. ఒక్క ప్రయోగంతో సగం అనుమానితులు విడుదల! అరవలేదా, ర్యామ్ జోలికి పోకుండా వెనక్కి వెళ్ళాలి. ఎస్‌ఎంపీఎస్, ప్రాసెసర్ పక్కనుండే నాలుగు పిన్నుల 12 వోల్టుల కనెక్టర్ (2000లో పెంటియం 4తో వచ్చింది, గుచ్చడం మర్చిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు), బోర్డు కింద అనవసరంగా ఉండిపోయిన ఇత్తడి స్క్రూ, ఇలా. బైనరీ సెర్చ్ అని మనం క్లాసులో నేర్చుకున్నదాన్ని వాళ్ళు స్క్రూడ్రైవర్‌తో చేశారు.

ఇప్పటి సంగతి వేరనుకుంటున్నారా? కేబినెట్లలో స్పీకర్ రావడం మానేసింది. బదులుగా చాలా బోర్డుల మీద ప్రాసెసర్, ర్యామ్, వీడియో, బూట్ అని నాలుగు చిన్న లైట్లు వచ్చాయి. ఆల్టెయిర్ దీపాల దగ్గరికే తిరిగొచ్చాం. 2019 నుంచి ఇంటెల్ పేరు చివర ఎఫ్ అక్షరంతో అమ్ముతున్న ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండవు. కేబుల్ మదర్‌బోర్డుకి గుచ్చితే తెర ఎప్పటికీ నల్లగానే ఉంటుంది. 2022లో వచ్చిన ఏఎండీ ఏఎం5 బోర్డులైతే మొదటిసారి ఆన్ చేసినప్పుడు డీడీఆర్5 మెమరీకి తగ్గట్టు సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తెర నల్లగా పెట్టి కూర్చుంటాయి. కంగారుపడి మధ్యలో ఆపేస్తే మళ్ళీ మొదటికి. ఓపిక కూడా ఒక పరీక్షే.

ఈ చరిత్రంతా చెప్పింది ఒక్క మాట కోసం. డిస్‌ప్లే రాకపోవడం అన్నది తెర జబ్బు కాదు. తెరకి ముందున్న పొడవాటి గొలుసులో ఎక్కడో ఒక లంకె తెగిందని అర్థం. ఆ గొలుసు ఎక్కడ మొదలవుతుందన్నది మనం ఉన్న చోటుని బట్టి మారుతుంది. అమెరికాలో రాసిన గైడుకి అది మానిటర్ కేబుల్ దగ్గర మొదలవుతుంది. అనంతపురంలో ఎర్త్ గుంత దగ్గర, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలవుతుంది. కాబట్టి ఊళ్ళో ఇంటికి కంప్యూటర్ పంపిస్తున్నవాళ్ళు ముందు ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్త్ పరీక్ష చేయించండి, వోల్టేజీ సర్దే యూపీఎస్ పెట్టించండి. గ్రాఫిక్స్ కార్డుకి పెట్టే ఖర్చులో అది ఎన్నో వంతో లెక్కేసుకోండి.

రెండో మాట. ఈ విద్య ఎక్కడా రాసి లేదు. బీప్ కోడ్‌ల పట్టికలు ఇంగ్లీషులో కుప్పలు. ఎర్రదుమ్ములో, వంతుల కరెంటులో ఆ డబ్బాల్ని నిలబెట్టిన వాళ్ళు నేర్చుకున్నది మాత్రం నోటిమాటగానే ఉండిపోయింది. ర్యామ్‌ని బోర్డుకే అతికించేసిన లాప్‌టాప్‌లు వచ్చాక తీసి పెట్టి చూసే అవకాశం కూడా తగ్గుతోంది. 2022 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం రిపేరు హక్కు కోసం ఒక పోర్టల్ పెట్టింది, సంతోషం. కానీ చేసే చెయ్యి లేకుండా హక్కు ఉండి ఏం లాభం? మనలో చాలామందికి డీబగ్గింగ్ అంటే ఏమిటో మొదట చూపించింది ఇలాంటి ఒక మెకానిక్కో, హాస్టల్ సీనియరో. ఈసారి ఊరెళ్ళినప్పుడు వాళ్ళని కూర్చోబెట్టి అడగండి, విన్నది తెలుగులో రాసి పెట్టండి. ఎక్కడెక్కడ ఏ బోర్డు ఎందుకు పోయేదో, దాన్ని ఎలా లేపారో వాళ్ళకి నోటికొచ్చు. వాళ్ళ తర్వాత అడగడానికి ఎవరూ ఉండరు.